తల్లి సంతకంతో యుద్ధానికి వెళ్లిన పద్నాలుగేళ్ల జిమ్ మార్టిన్

తొమ్మిదో తరగతి చదివే కుర్రాడు సైన్యంలో చేరతానంటే మన ఇళ్లలో ఏం చేస్తాం? నవ్వి ఊరుకుంటాం. పట్టుబడితే గట్టిగా కోప్పడతాం. 1915లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో అమీలియా మార్టిన్ అనే తల్లికి ఆ రెండూ పనిచేయలేదు.

ఆమె కొడుకు జిమ్ 1901 జనవరి 3న టోకుమ్వాల్ అనే ఊళ్లో పుట్టాడు. ఆరుగురు సంతానంలో అతనొక్కడే మగపిల్లవాడు. తర్వాత ఆ కుటుంబం మెల్‌బోర్న్ శివారులోని హాథార్న్‌లో స్థిరపడింది. బడిలో ఉండగానే జిమ్ క్యాడెట్ శిక్షణ తీసుకున్నాడు. చదువు మానేశాక పొలం పనులకు వెళ్లాడు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక తండ్రి చార్లెస్ సైన్యంలో చేరబోతే తీసుకోలేదు. అయితే నేను వెళ్తానన్నాడు కొడుకు. ఇంట్లో ఎంత చెప్పినా వినలేదు. ఒప్పుకోకపోతే దొంగపేరుతో చేరిపోతానని, ఇక ఉత్తరం ముక్క కూడా రాయనని బెదిరించాడు. కనీసం ఎక్కడున్నాడో అయినా తెలియాలి కదా అనుకుని ఆ తల్లి అంగీకారపత్రం మీద సంతకం చేసింది.

సైన్యంలో చేరడానికి అప్పుడు 18 ఏళ్లు నిండాలి. 21 లోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పుట్టిన తేదీకి రుజువు మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. 1915 ఏప్రిల్ 12న జిమ్ తన వయసు 18 అని చెప్పి చేరిపోయాడు. జూన్‌లో 21వ బెటాలియన్‌తో ఓడ ఎక్కాడు.

ఈజిప్టు నుంచి టర్కీలోని గల్లిపోలీకి వెళ్లే దారిలో, సెప్టెంబరు 2న, వారి ఓడ సౌత్‌ల్యాండ్‌ను జర్మన్ జలాంతర్గామి టార్పిడోతో కొట్టింది. జిమ్ కొన్ని గంటలు సముద్రపు నీళ్లలోనే గడిపి బతికి బయటపడ్డాడు. వారం తిరగకుండానే గల్లిపోలీ కందకాల్లోకి చేరాడు.

అక్కడి నుంచి ఇంటికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. తన గురించి దిగులు పడవద్దని రాసేవాడు. ఇంటి నుంచి తనకు జాబు రావడం లేదని బాధపడేవాడు. ఉత్తరాలు రావాలనే తల్లి సంతకం చేసింది. చివరికి ఉత్తరం కోసం ఎదురుచూడడం కొడుకు వంతయింది.

కందకాల్లో తూటాలతో పాటు ఈగలు, మురికి, టైఫాయిడ్ కూడా ప్రాణాలు తీసేవి. జిమ్‌కు ఆ జ్వరం తగిలింది. అక్టోబరు 25న అతణ్ని గ్లెనార్ట్ క్యాసిల్ అనే ఆస్పత్రి ఓడకు చేర్చారు. ఆ సాయంత్రమే గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి వయసు 14 ఏళ్ల 9 నెలలు. శవాన్ని సముద్రానికే అప్పగించారు. ఓడలోని నర్సుల పెద్ద ఆ కబురును తల్లికి ఉత్తరంలో రాసింది.

ఆ యుద్ధంలో చనిపోయిన ఆస్ట్రేలియా సైనికుల్లో అందరికన్నా చిన్నవాడు జిమ్ అని భావిస్తారు. సమాధి లేని అతని పేరు గల్లిపోలీలోని లోన్ పైన్ స్మారకం మీద ఉంది.

అమీలియాను తప్పుపట్టడం మనకు తేలికే. కానీ ఆమె ముందు ఉన్నవి రెండే దారులు: కొడుకు ఎక్కడున్నాడో తెలిసి భయపడడం, లేదా తెలియక భయపడడం. మూడో దారి చూపించగలిగినవారు సైన్యం అధికారులే. ఆ పసి ముఖం చూసి, ఇంటికి వెళ్లు బాబూ అని ఒక్కరు చెప్పినా సరిపోయేది.