బంట్రోతు రాని రోజు

పార్లమెంటు ఆవరణలోని అంబేద్కర్ విగ్రహానికి ఏటా ఏప్రిల్ 14న నాయకులు పూలమాలలు సమర్పిస్తారు. పాఠశాలలూ ఆయన జయంతిని జరుపుతాయి. అయితే రాజ్యాంగ శిల్పిగా ఆయనను కీర్తించే ఉపాధ్యాయులలో అనేకులు, విద్యార్థిగా ఆయన అనుభవించినదానిని చెప్పడానికి సంకోచిస్తారు. కులప్రసక్తి తెస్తే లేని విభేదాలు తలెత్తుతాయని వారి భయం.

1891లో మహూలో జన్మించిన భీమరావు సతారా పాఠశాలలో తోటి పిల్లలకు ఎడంగా, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చునేవాడు. కుళాయిని తాకడం అతనికి నిషిద్ధం. బంట్రోతు వచ్చి తిప్పితేనే మంచినీరు. బంట్రోతు లేకుంటే దాహమే గతి. బొంబాయిలో సంస్కృతం చదవగోరితే పర్షియన్‌తో తృప్తిపడవలసి వచ్చింది.

బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన విద్యార్థివేతనంతో 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1917లో బరోడా కొలువుకు వస్తే, తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టినవారు వెళ్లగొట్టారు. ఉద్యానవనంలో పొద్దుపుచ్చి ఆ రాత్రి బొంబాయి రైలెక్కారు.

ఆ రైలుదారి సూరత్ మీదుగానే పోతుంది. దానికి చేరువలోని బమ్రోలి ఇప్పుడు మరమగ్గాల ప్రాంతం. తెలంగాణ నుంచి వలసవెళ్లిన నేతకుటుంబాలు ఎన్నో సూరత్‌లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. గుజరాతీ, మరాఠీ, ఒడియా, హిందీ, తెలుగు పిల్లలు కలసిపెరిగే ఇటువంటిచోట భాషనో, రంగునో, కులాన్నో పట్టి హేళన చేయడం ఎంత సులభమో, దానిని విననట్టు ఊరుకోవడం పెద్దలకు అంతే సులభం.

అంబేద్కర్ ఊరుకోలేదు. 1927లో మహద్ చెరువునీటిని వేలాదిమందితో కలసి తాగారు. 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ రాసి, ఆ జాతి పక్షాన ఐక్యరాజ్యసమితికి నివేదించిన వినతిపత్రం ప్రతిని కోరారు. వర్ణవివక్షకూ అస్పృశ్యతకూ గల పోలిక ఆయనకు స్పష్టం. ఆయన అధ్యక్షతన ముసాయిదా సంఘం రూపొందించిన రాజ్యాంగంలోని 17వ అధికరణం అస్పృశ్యతను రద్దుచేసింది. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.

చట్టం వచ్చింది, తరగతిగది సంగతి ఉపాధ్యాయులదే. అవమానపడిన పిల్లవాణ్ణి నిలబెట్టి సాక్ష్యం చెప్పించడం రెండో అవమానం. సతారా కథ చెప్పి, బంట్రోతు రాని రోజున ఆ కుళాయిని ఎవరు తిప్పి ఉండవలసిందని తరగతి మొత్తాన్నీ అడగాలి. జవాబు పిల్లలే చెబుతారు.