ఉప్పు వండిన ఖైదీ

నార్వే దేశము నేడు మిక్కిలి సంపన్నమైన దేశములలో నొకటి. 1969లో సముద్రగర్భమున చమురు దొరికినందుననే ఆ సిరి కలిగెనని చాలమంది తలంతురు. అది కొంత నిజమే. కాని రెండు వందల యేండ్లకు పైబడిన కాలము క్రిందట అది డెన్మార్కు రాజు ఏలుబడిలోని బీద దేశము. తన పంట చాలక, ఓడలమీద వచ్చు ధాన్యమునకై ఎదురుచూచుచుండెడిది. ఆ దినములలో పాటుపడిన యొక రైతుబిడ్డను ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

హాన్స్ నీల్సన్ హౌగే 1771లో జన్మించెను. 1796 ఏప్రిల్ 5వ తేదీన తండ్రి పొలము దున్నుచుండగా దేవుని ప్రేమ ఆయన హృదయమును నింపెను. అది మొదలు ఊరూర కాలినడకను వేల మైళ్లు తిరిగి వాక్యము చెప్పెను. చేతులను ఊరకుండనీయక, నడచుచునే మేజోళ్లు అల్లెడివాడు. ఆయన వ్రాసిన పుస్తకములను పల్లెజనులు ఆశతో చదివిరి. ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనిరి. ఆయన 1801లో బెర్గెన్ పట్టణమున వర్తకుడాయెను. ఆయన ప్రోత్సాహమున స్నేహితులు కాగితపు మిల్లును, మరికొన్ని పరిశ్రమలను స్థాపించి బీదలకు పని కల్పించిరి.

అయితే పాదిరిగారి అనుమతి లేక ఇండ్లలో కూటములు జరుపరాదని 1741 నాటి శాసనము. అందుచేత 1804లో ఆయనను చెరలో వేసిరి. ఏండ్లు గడచినను తీర్పు రాలేదు. ఇంతలో యుద్ధము వచ్చెను. 1807 నుండి ఆంగ్లేయుల ఓడలు సముద్రమార్గమును అడ్డగించెను. ధాన్యము రాలేదు, ఉప్పు రాలేదు. ఉప్పు లేనిదే చేపలు నిలువ యుండవు గదా! అప్పుడు అధికారులకు ఈ ఖైదీ జ్ఞాపకమునకు వచ్చెను. 1809లో ఆయనను వెలుపలికి తెచ్చి, సముద్రతీరమున ఉప్పు వండు పనిని నెలకొల్పించుకొనిరి. పని తీరిన పిమ్మట మరల చెరసాలకే పంపిరి.

1811లో విడుదల కలిగెను. 1814లో జరిమానాతో వ్యాజ్యెము ముగిసెను. చెరలో ఆరోగ్యము చెడిన ఆయన 1824లో, 52 యేండ్ల ప్రాయమున, ప్రభువునందు నిద్రించెను. ఆ శాసనము 1842లో రద్దాయెను.

ఒక్క మనుష్యుడే దేశమును భాగ్యవంతము చేసెనని మేము చెప్పము. బడులు, ఓడలు, జలవిద్యుత్తు, మంచి చట్టములు, తరతరముల కష్టము అందులో కలిసియున్నవి. కాని చమురు దొరకకముందే అక్కడి పల్లెజనులు చదువును, నమ్మకమైన వ్యాపారమును, కూడి పనిచేయుటను నేర్చుకొనిరి. ఆ నేర్పులో హౌగేకు పాలున్నది.

ప్రియులారా, తనను బంధించిన వారికే ఆయన ఉప్పు వండిపెట్టెను. తలాంతును పాతిపెట్టిన దాసుని ఉపమానము మనమెరుగుదుము. మన చేతికి అప్పగింపబడినది నేడు ఎక్కడ నున్నది?