అజ్జమాడ దేవయ్య జీవితము
(ఇరువది మూడేండ్లకు సరిదిద్దబడిన లెక్క)

 

ఇట్టి సంచికలయందు స్వకులమున జన్మించి కీర్తిగాంచిన పెద్దల జీవితములను ప్రకటించుట పరిపాటి. అది యుక్తమే. అయినను ఇతర సంఘములయందు పుట్టిన గుణవంతుల చరిత్రములను తెలిసికొనుటయు మన యభివృద్ధికి తోడ్పడును. కావున దక్షిణమున కొడగు సీమయందు, సంఖ్యలో మిక్కిలి స్వల్పమైన కొడవ సంఘమునందు జన్మించి, దేశముకొఱకు ఆకాశమున పోరాడి ప్రాణములర్పించిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఆతడు చేసిన కార్యమెంత గొప్పదో, ఆ కార్యము ఆతని పేరున వ్రాయబడుటకు పట్టిన కాలమంత దీర్ఘమైనది. ఈ రెండును కలిసియే ఆతని చరిత్రము.

మన తెలంగాణ గ్రామములందు చెరువుకట్టలమీదను, ఊరి పొలిమేరలయందును, గుడి ముంగిళ్లలోను వీరగల్లులు కానవచ్చును. పశువులను కాపాడుటకో, ఊరిని రక్షించుటకో పోరి మడిసినవాని రూపమును శిలపై చెక్కించి నిలుపుట పూర్వుల యాచారము. కొన్నిటిపై శాసనము కలదు. ఆ వీరుని పేరును, కాలమును నేటికిని తెలియుచున్నవి. మఱికొన్నిటిపై ఒక్క యక్షరమైనను లేదు. కత్తియు డాలును మాత్రము మిగిలినవి, పేరు పోయినది. శౌర్యము వీరుని చేతిలోనిది. దానిని వ్రాసి నిలుపుట బ్రతికియున్నవారి చేతిలోనిది. దేవయ్య చరిత్రము ఈ సత్యమును మనకు బోధించును.

కావేరీనది జన్మించు కొడగు సీమ కొండలతోను అడవులతోను నిండిన దేశము. అది 1956 వఱకు ప్రత్యేక రాష్ట్రముగ నుండి, పిమ్మట మైసూరు రాష్ట్రమున కలిసినది. కొడవలు తమ పేరునకు ముందు వంశనామమును ధరింతురు; అజ్జమాడ యనునది దేవయ్య వంశనామము. వరినాట్లు ముగిసినపిదప, సాధారణముగా సెప్టెంబరు మొదటి వారమున, వారు ఆయుధములను పూలతో నలంకరించి పూజింతురు. ఆ పండుగకు కైల్‌పోళ్దు అని పేరు. స్వతంత్ర భారతదేశమున భారతీయులలో తొలి సేనాధిపతియై 1949 జనవరి 15న పదవి స్వీకరించిన కరియప్ప ఈ సీమవాడే. తరువాత సేనాధిపతియైన తిమ్మయ్యయు ఈ సీమవాడే. ఇంత చిన్న సంఘము ఇందఱు యోధులను దేశమున కిచ్చుట యాశ్చర్యకరము.

ఇట్టి సీమయందు 1932 డిసెంబరు 24న వైద్యుడగు బొప్పయ్యగారికి దేవయ్య పుత్రుడై జన్మించెను. 1954లో భారత వాయుసేనయందు అధికారిగా ప్రవేశించెను. విమానము నడుపుటయందు నేర్పు గడించి, ఇతరులకు ఆ విద్యను నేర్పు శిక్షకుడాయెను. తన యెఱిగినదానిని పిన్నలకు పంచిపెట్టుట ఆతని యుద్యోగము. యుద్ధము సంభవించుటతో ఆతడు ఒకటవ నెంబరు స్క్వాడ్రనులో చేరెను. అప్పటికి ఆతని వయస్సు ముప్పదిరెండు. ఇంట భార్యయు పిల్లలును గలరు.

1965లో కాశ్మీరము నిమిత్తము పాకిస్థానుతో సంఘర్షణ పెరిగెను. సెప్టెంబరు 6న మన సేనలు లాహోరు దిక్కున సరిహద్దు దాటెను. ఆ సాయంకాలమే పాకిస్థాను విమానములు పఠాన్‌కోటపై దాడి చేసి, నేలపైనున్న మన విమానములను ధ్వంసము చేసెను. దానికి బదులుగా మరునాటి వేకువన శత్రువుల ముఖ్య విమానస్థావరమైన సర్గోధాపై దాడి చేయుటకు ఆజ్ఞ వచ్చెను. పంజాబునందలి ఆదంపూరు స్థావరమునుండి పోవలసిన ఒకటవ స్క్వాడ్రనునకు వింగ్ కమాండర్ ఓ.పి. తనేజా నాయకుడు.

ఈ దాడి సామాన్యమైనది కాదు. వారు నడిపిన మిస్తేర్ విమానములు ఫ్రాన్సు దేశమున తయారైనవి. సర్గోధా ఆ విమానముల ప్రయాణశక్తికి తుదిమేర. పోయి వచ్చుటకే ఇంధనము చాలీచాలనట్లుండును. దారిలో నిలిచి పోరాడినచో తిరిగి ఇల్లు చేరుట దుర్లభము. పండ్రెండు విమానములు పోవుటకు నిర్ణయమాయెను. దేవయ్య ఆ పండ్రెండుగురిలోనివాడు కాడు; ఎవరి విమానమైన చెడినచో ఆ స్థానమును నింపుటకు సిద్ధముగ నుంచబడినవాడు. ఒక విమానము పోజాలకపోగా దేవయ్య లేచి వారిని కలిసికొనెను. పోవలసినవాడు కాకయు పోయెను. ఆ దాడినుండి తిరిగిరానివాడు ఆతడొక్కడే యాయెను.

1965 సెప్టెంబరు 7వ తేదీ ఉషఃకాలమున మన విమానములు సర్గోధాపై దాడి సల్పి మరలుచుండగా, ఫ్లైట్ లెఫ్టినెంటు అంజద్ హుస్సేను అను పాకిస్థాను వైమానికుడు స్టార్‌ఫైటరు విమానముతో వెన్నంటెను. ఆ విమానము అమెరికాలో తయారైనది. ధ్వనివేగమునకు రెట్టింపు వేగమున పోగలది. మన మిస్తేరు సమతలమున పోవునపుడు ధ్వనివేగమునైనను అందుకొనలేదు. ఆ రెండింటికి సాటి లేదు. అంజద్ హుస్సేను గుండ్లు కురిపించి దేవయ్య విమానమును దెబ్బతీసెను. అది కూలుననియే తలచి, ముందు పోవుచున్న మన తక్కిన విమానములవైపు తిరిగెను.

అప్పుడు దేవయ్య యెదుట రెండు దారులు గలవు. విమానము దెబ్బతిన్నది; ఇంధనము కొలదిగ నున్నది. పారిపోవుటకు యత్నించుట యొకటి. తిరిగి పోరుట రెండవది. ఆతడు రెండవదానినే యెన్నుకొనెను. గాయపడిన విమానముతో వేగవంతమైన శత్రువిమానమునెదిరించెను. నేలకు మిక్కిలి దగ్గఱగా ద్వంద్వయుద్ధము జరిగెను. మన మిస్తేరునకు వేగము తక్కువయైనను చిన్న వలయమున తిరుగు నేర్పు గలదు. ఆ నేర్పునే ఆతడు ఆధారము చేసికొనెను. స్టార్‌ఫైటరు నేల గూలెను. అంజద్ హుస్సేను గొడుగు సాయమున దిగి బ్రతికెను. దేవయ్య బ్రతుకలేదు. ఆతని దేహమును అచ్చటి పల్లెవాసులు తమ పొలములలో ఖననము చేసిరని పాకిస్థాను వైమానికాధికారి యొకరు తరువాత వ్రాసియున్నారు.

ఈ యుద్ధమును మనవారిలో నొక్కరును చూడలేదు. ముందు పోయినవారు ముందే పోయిరి. వెనుక నొక్కడే మిగిలెను. ఆదంపూరున విమానములు దిగినపిదప లెక్కించిచూడగా ఒకటి తక్కువయాయెను. ఏమైనదో చెప్పువారు లేరు. కావున వాయుసేన పుస్తకములయందు ఆతడు కనబడుటలేదని వ్రాయబడెను. పిదప మరణించినట్లు భావింపబడెను. యుద్ధము సెప్టెంబరు 23న నిలిచిపోయెను. శౌర్యము చూపినవారికి పతకములు వచ్చెను. నాయకుడైన తనేజాకు వీరచక్రము లభించెను. దేవయ్యకు ఏ పతకమును రాలేదు. ఇందు ఎవరి ద్వేషమును లేదు. చూచినవారు లేరు, సాక్ష్యము లేదు, కావున వ్రాత లేదు. ఆతని భార్యకు మిగిలినది భర్త కనబడుటలేదను సమాచారము మాత్రమే.

ఇట్లు పదునాలుగేండ్లు గడచెను. 1979లో జాన్ ఫ్రికరు అను ఆంగ్ల రచయిత ఆ యుద్ధమునందలి వైమానిక సమరమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. పాకిస్థాను వాయుసేన సాయముతో, వారి పక్షమునుండి వ్రాయబడిన గ్రంథమది. అందు సెప్టెంబరు 7 ఉదయమున స్టార్‌ఫైటరు ఒకటి మన మిస్తేరుతో పోరుచు నష్టమాయెనను విషయము వెల్లడియయ్యెను. భారతదేశమున ఎవరికిని తెలియని సంగతి శత్రుపక్షపు గ్రంథమున బయటపడినది. మనవారు తమ లెక్కలను తీసి చూచిరి. ఆ యుదయపు దాడినుండి రానివాడు ఎవడు? దేవయ్య యొక్కడే. కావున స్టార్‌ఫైటరును గూల్చినవాడు ఆతడే యని తేలెను.

అయినను తెలియుట వేఱు, దానిని ప్రభుత్వపు వ్రాతలలో నెక్కించుట వేఱు. యుద్ధము ముగిసి చాలకాలమైనది. పతకముల జాబితాలు మూసివేయబడినవి. ఈ సందర్భమున ఉద్యోగవిరమణ చేసిన తనేజా పూనుకొనిన తీరు కొనియాడదగినది. తన పతకము తనకు వచ్చెను. తన గౌరవమునకు కొఱతలేదు. ఊరకుండినచో ఎవరును తప్పుపట్టరు. కాని తన వెంట వచ్చి తిరిగిరాని సహచరుని ఋణము తీరలేదని ఆతడు భావించెను. ఆ విషయమును తిరిగి విచారించి, దేవయ్య శౌర్యమును గుర్తింపవలయునని అధికారులను కోరెను. మృతుడు తనకొఱకు అర్జీ వ్రాసికొనలేడు. వానికొఱకు బ్రతికియున్న యోధుడు వ్రాసెను.

తుదకు 1988లో, అనగా యుద్ధము జరిగిన ఇరువది మూడేండ్లకు, భారత ప్రభుత్వము దేవయ్యకు మరణానంతరము మహావీరచక్రమును ప్రకటించెను. శత్రువునెదుట చూపిన పరాక్రమమునకిచ్చు పతకములలో పరమవీరచక్రము తరువాత ఇదియే గొప్పది. వెండితో చేయబడినది, దాని పట్టీ సగము తెలుపు, సగము నారింజ వన్నె. ఆ పతకమును ఆతని భార్య స్వీకరించెను. ఇరువది మూడేండ్ల వెనుక కనబడుటలేదను మాట విన్న యామె, ఆ దినమున భర్త యేమి చేసెనో దేశముచే పలికించుకొనెను.

నేడు కొడగు ముఖ్యపట్టణమగు మడికేరిలో ఆతని పేర కూడలియు, విగ్రహమును గలవు. 2005లో పి.వి.ఎస్. జగన్మోహను, సమీర్ చోప్రా అనువారు ఆ వైమానిక యుద్ధముపై వివరమైన ఆంగ్ల గ్రంథము ప్రకటించిరి. 2025లో ఆతని గాథ ఆధారముగ, పాత్రల పేళ్లు మార్చి, స్కై ఫోర్స్ అను హిందీ చలనచిత్రము వెలువడినది. ఒకప్పుడు రెండు మాటలలో ముగిసిన చరిత్రము నేడు దేశమంతట తెలిసినది.

చనిపోయినవానికి పతకమువలన ప్రయోజనమేమని కొందఱడుగవచ్చును. ప్రాణము తిరిగి రాదు, నిజమే. కాని తండ్రి యేమైనదియు తెలియక పెరుగుట వేఱు, తండ్రి యిట్టివాడని తెలిసి తలయెత్తి పెరుగుట వేఱు. మఱియు, సత్యము వ్రాతలోనికి రానిచో ఆ స్థానమున అసత్యమో శూన్యమో నిలుచును. పతకమనునది వెండిబిళ్ల మాత్రమే కాదు; జరిగినది జరిగినట్లు దేశము ఒప్పుకొనినదను ముద్ర యది.

ఆర్మూరు ప్రాంతపు వారమైన మనకు ఈ విషయము బోధపడుట కష్టము కాదు. పసుపు విత్తినది మొదలు తొమ్మిదినెలలు నేలలోనే యుండును; ఆకు వాడినను దుంప యెంత యున్నదో త్రవ్వినగాని తెలియదు. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, కాడి గోళ వేఱుచేసి మార్కెట్టునకు తెచ్చినపిదపను, తూకము తక్‌పట్టీలో సరిగా పడనిచో రైతు కష్టమునకు విలువ రాదు. తక్‌పట్టీలో తప్పుపడినచో ఆ నాడే, అక్కడనే అడిగి దిద్దించుకొనుట తెలివిగల రైతు లక్షణము. ఇంటికి వచ్చి వగచుట వలన లాభము లేదు.

సైన్యమున పనిచేసినవారి కుటుంబములకును ఇదియే నీతి. పేరులో నొక యక్షరము, పుట్టిన తేదీ, భార్యాపిల్లల పేళ్లు, తగిలిన గాయము, పాల్గొనిన యుద్ధము, ఇవన్నియు సేవాపత్రములలో సరిగా నుండవలయును. తప్పున్నచో పింఛను మొదలు పతకము వఱకు అన్నియు ఆగిపోవును. ఆ పత్రములను ఇంట పదిలపఱచవలయును. దళమునకు చెందిన రికార్డు కార్యాలయమునకు అర్జీ పంపవచ్చును. సైనిక సంక్షేమ కార్యాలయము వారి సాయము కోరవచ్చును. అక్కడ తీరనిచో, 2007 చట్టమువలన ఏర్పడిన సాయుధదళముల ట్రిబ్యునలు గలదు. ముఖ్యముగా, సాక్ష్యము చెప్పగల తోటి సైనికులు జీవించియుండగనే వారి మాటలను వ్రాయించి యుంచవలయును. దేవయ్యకు సాక్షి దొరకుటకు శత్రుపక్షపు గ్రంథమొకటి రావలసివచ్చెను. అందఱకు అట్టి యదృష్టము లభింపదు.

మన సంఘమునందలి విద్యావంతులగు యువకులు ఈ పనికి పూనుకొనవలయును. ఊరూర సైన్యమున పనిచేసిన వృద్ధులను కలిసి, వారి పత్రములను చూచి, తప్పులున్నచో అర్జీలు వ్రాసిపెట్టవలయును. చదువురాని వితంతువునకు ఒక్క అర్జీ వ్రాసి యిచ్చుట గుడి కట్టించుటకంటె తక్కువ పుణ్యము కాదు. పోషకులగు ధనికులు ఇట్టివారి ప్రయాణపు ఖర్చులకు తోడ్పడినచో ఆ ధనము సార్థకమగును.

దేవయ్య వలె శత్రువునకెదురు తిరుగు ధైర్యము అందఱకు కలుగకపోవచ్చును. తనేజా వలె తోటివాని కొఱకు పట్టువిడువక యడుగుట మాత్రము ప్రతివానికిని సాధ్యము. అక్షరములేని వీరగల్లులు మన గ్రామములలో ఇప్పటికే చాలినన్ని గలవు. ఇకమీద అట్టిదొక్కటియు నిలువకుండ చూచుకొనుట మన విధి. వీరులకు జయము, వారిని మఱువని సంఘమునకు శుభమగుగాక!