ధాన్యకటకంలో హ్యుయాన్‌త్సాంగ్

పాడుబడిన ఆరామాలను చూడడానికి ఆ మహాభిక్షువు అంత దూరం ఎందుకు వచ్చినట్లు అని వసంత్ కుంజ్‌లో జరిగిన మన సమావేశంలో ఒక యువ ఉపాసకుడు అడిగారు. నాడు క్లుప్తంగా బదులిచ్చాను. ధమ్మబంధువుల కోసం ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

హ్యుయాన్‌త్సాంగ్ క్రీ.శ. 7వ శతాబ్ది ఆరంభంలో చైనాలోని లొయాంగ్ సమీపాన జన్మించారు. అన్నగారి వెంట బాల్యంలోనే విహారంలో చేరారు. చైనా అనువాదాలలో ఒకదానికొకటి పొంతన లేకపోవడం ఆయనను బాధించింది. మూలగ్రంథాలనే చూడాలని నిశ్చయించి, దేశం విడిచి వెళ్ళరాదన్న రాజాజ్ఞను సైతం మీరి, 629 ప్రాంతంలో ఒంటరిగా బయలుదేరారు. ఎడారిలో నీటితిత్తి చేజారి, నాలుగైదు దినాలు చుక్క నీరు లేకుండా గడిపారు. అయినా వెనుదిరగలేదు. నాలందాలో వృద్ధాచార్యుడైన శీలభద్రుని వద్ద యోగాచార శాస్త్రాన్ని అభ్యసించారు.

ఆ తరువాత దక్షిణాపథానికి వచ్చారు. ఆంధ్రదేశపు భాష మధ్యదేశపు భాషకు భిన్నమనీ, లిపి మాత్రం చాలావరకు పోలి ఉన్నదనీ గమనించారు. అక్కడినుండి, శాతవాహనుల నాటి రాజధానిగా మనం చెప్పుకొనే ధాన్యకటకం చేరారు. ఆయన చూచిన నగరం బెజవాడ అని వాదించిన పండితులూ ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం.

ఆయన వచ్చేనాటికి ఆరామాలు అనేకం ఉన్నా, అధికభాగం నిర్జనాలు. సుమారు 20 మాత్రమే నిలిచి ఉన్నాయి. వాటిలో 1,000 మంది వరకు భిక్షువులు, ప్రధానంగా మహాసాంఘికులు. కొండలపై పూర్వశైల, అపరశైల విహారాలు శూన్యంగా పడి ఉన్నాయి. కేవలం యాత్రికుడైతే లెక్క రాసుకొని ముందుకు సాగేవారు. ఈయన ఆగారు. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల ముందు శిష్యుడై కూర్చుండి, కొన్ని నెలలపాటు మహాసాంఘిక అభిధర్మాన్ని నేర్చుకొన్నారు. అప్పటికే ఆయన నాలందాలో పేరుపొందిన పండితులు, పైగా మహాయానులు. ఆ ఇద్దరూ ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. పిదప ముగ్గురూ కలిసి పుణ్యక్షేత్ర దర్శనానికి బయలుదేరారు. నిర్జనమైన ఆరామాల నడుమ కూడా చదువు మిగిలి ఉన్నదని ఆయన గుర్తించారన్నమాట.

645లో 657 గ్రంథాలతో రాజధాని చాంగాన్‌కు తిరిగి చేరారు. చక్రవర్తి పదవి ఇవ్వజూపినా స్వీకరించలేదు. 664లో మరణించేవరకు అనువాదమే ఆయన వృత్తి. 75 గ్రంథాలు పూర్తయ్యాయి.

సుభూతి, సూర్యుల పేర్లు మనకు దక్కినది చైనా భాషలో, ఆయన శిష్యుడు రాసిన గురుచరిత్రలో.