శేషాచలం నరభక్షకుల వేటగాడు కెన్నెత్ ఆండర్సన్.. బొలారంలో పుట్టిన ఈ దొర తూటా కథేంటి?

తిరుమల అలిపిరి నడకదారిలో 2023లో ఏం జరిగిందో భక్తులు ఇంకా మర్చిపోలేదు. జూన్‌లో మూడేళ్ల బాబును చిరుత నోట కరుచుకుని పోయింది. జనం కేకలు వేస్తూ వెంటపడటంతో వదిలేసింది. ఆగస్టులో మాత్రం ఆరేళ్ల పాప ప్రాణమే పోయింది. ఆ తర్వాత బోన్లు పెట్టారు, కెమెరాలు కట్టారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు, మధ్యాహ్నం దాటితే పిల్లలతో నడవొద్దన్నారు. చిరుతలను బోన్లలో బంధించి అక్కడి నుంచి తరలించారు. ఒక్క తూటా కూడా పేల్చలేదు.

అదే ఎనభై ఏళ్ల కిందట అయితే? ఇదే కొండల్లో ఓ పులి మనిషి రుచి మరిగితే బెంగళూరు నుంచి ఓ దొర తుపాకీ పట్టుకుని దిగేవాడు. ఆయనే కెన్నెత్ ఆండర్సన్. ఉత్తరాదిలో జిమ్ కార్బెట్ ఎంతో, దక్షిణాదిలో ఈయన అంత. కార్బెట్ పేరు మీద నేషనల్ పార్కే ఉంది. ఆండర్సన్ పేరు మాత్రం ఆయన తిరిగిన భాకరాపేట, మామండూరు జనాల్లోనే చాలామందికి తెలియదు.

ఎవరీ ఆండర్సన్?

1910 మార్చి 8న పుట్టారు. ఎక్కడో స్కాట్లాండ్‌లో అనుకుంటే పొరపాటే.. సికింద్రాబాద్ పక్కన బొలారంలో! మూలాలు స్కాట్లాండ్‌వే అయినా ఆ కుటుంబం తరతరాలుగా ఇక్కడే ఉండిపోయింది. తండ్రి సైనికుల జీతాల లెక్కలు చూసే శాఖలో ఉద్యోగి. కెన్నెత్ చదువు బెంగళూరు బిషప్ కాటన్ స్కూల్లో, ఆ తర్వాత సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో సాగింది. లాయర్‌ను చేద్దామని ఇంట్లోవాళ్లు ఎడిన్‌బరో పంపితే ఆయనకు అక్కడ మనసు పట్టలేదు. చదువు మధ్యలోనే వదిలేసి తిరిగొచ్చేశారు. పోస్టల్, టెలిగ్రాఫ్ శాఖలో 15 ఏళ్లు పనిచేసి, ఆ తర్వాత బెంగళూరు విమాన ఫ్యాక్టరీలో చేరారు. అంటే పులుల వేట ఆయన ఉద్యోగం కాదు. నెల జీతం మీద బతికే మనిషి, సెలవు పెట్టి అడవికి వెళ్లేవారు.

1939 నుంచి 1966 దాకా ప్రభుత్వ రికార్డుల్లో ఆయన ఖాతాలో ఉన్నవి 8 నరభక్షక చిరుతలు, 7 నరభక్షక పులులు. లెక్కకు రానివి ఇంకా ఉన్నాయని ఆయన అభిమానులు అంటుంటారు. కథల్లో కాస్త ఉప్పూకారం ఎక్కువేశారని అనేవాళ్లూ లేకపోలేదు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఆయన రాసిన ఊళ్లు, లోయలు, స్టేషన్లు మాత్రం నిజమే.

చామల లోయలో చారల భయం

1954లో ఆయన మొదటి పుస్తకం వచ్చింది. తొమ్మిది నరభక్షకులు, ఒక మదపుటేనుగు కథలున్న ఆ పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం చామల లోయ పులిదే. చామల అంటే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లా అడవి. తిరుపతి నుంచి మదనపల్లె వైపు వెళ్తే భాకరాపేట ఘాట్ దగ్గర రోడ్డు పక్కనే కనిపించే కొండలు అవే. నాగపట్ల, పులిబోను లాంటి పేర్లు ఈ ప్రాంతానివే. పులిబోను అన్న పేరు చాలు, ఇక్కడ ఒకప్పుడు పులుల సంగతి ఎలా ఉండేదో అర్థం చేసుకోవడానికి! ఇప్పుడు అవే పేర్లు ఎర్రచందనం స్మగ్లర్ల వార్తల్లో వినిపిస్తున్నాయనుకోండి, అది వేరే కథ.

1957లో వచ్చిన రెండో పుస్తకంలో మామండూరు నరభక్షక పులి కథ ఉంది. తిరుపతి నుంచి కడప వెళ్లే దారిలో, రైల్వే లైన్ పక్కనే అడవిలో ఉన్న ఊరు అది.

ఈ పులులు మనుషుల మీద ఎందుకు పడ్డాయి? కార్బెట్ అయినా, ఆండర్సన్ అయినా ఎక్కువసార్లు తేల్చింది ఒక్కటే. పులి మామూలుగా మనిషిని చూస్తే తప్పుకుంటుంది. జింకను, అడవిపందిని పట్టే శక్తి పోయాకే సులువుగా దొరికే మనిషి మీదకు వస్తుంది. ఆ శక్తి ఎలా పోతుంది? ముసలితనం వల్ల, ముళ్లపంది ముళ్లు గుచ్చుకోవడం వల్ల, లేదంటే మనిషి పేల్చిన తూటా వల్ల. గుమ్మలాపూర్ చిరుతను చంపాక ఆండర్సన్ దాని పంజాను పరిశీలిస్తే వేళ్ల మధ్య విరిగిపోయిన ముళ్లపంది ముళ్లు కనిపించాయి. జౌళగిరి ఆడపులి కథ వేరు. సరిగా తగలని కాల్పుతో గాయపడి తప్పించుకున్నాకే అది మనుషులను చంపడం మొదలెట్టింది.

అంటే సగంలో ఆగిపోయిన ఒక్క తూటా ఆ తర్వాత ఎన్నో ఊళ్లకు శాపం అవుతుందన్నమాట. పొలాల దగ్గర నాటు తుపాకీలో చిన్న సీసం గుళ్లు కూరి పేలిస్తే పందికైతే సరిపోతుందేమో. అదే పులికి తగిలితే చర్మం కింద, కీళ్లలో ఇరుక్కుని చీము పడుతుంది కానీ చావదు. కుంటుతూ బతుకుతుంది. ఆకలి మాత్రం ఆగదు కదా!

తూటా బాగా పనిచేసిందో లేదో ఎలా తెలిసేది?

అప్పట్లో ల్యాబ్‌లు లేవు. పాత తరం వేటగాళ్లకు చచ్చిన జంతువే ల్యాబ్. తోలు ఒలిచేటప్పుడు తూటా ఎక్కడ దిగింది, ఏ ఎముకను విరిచింది, గుండె ఊపిరితిత్తుల దాకా చేరిందా లేదా, అవతలి వైపు చర్మం కింద దొరికిందా.. అన్నీ చూసేవాళ్లు. దొరికిన సీసం ముద్దను తూకం వేసేవాళ్లు. పేల్చినప్పటి బరువులో చాలావరకు మిగిలి, ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే అది మంచి తూటా. ముక్కలు ముక్కలుగా చెదిరిపోతే అది చర్మం దగ్గరే పేలిపోయిందని అర్థం. అసలు విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోయినా ఇబ్బందే. పులి కిలోమీటర్లు పరుగెత్తి ఏ పొదలోనో నక్కుతుంది.

ఈ గొడవ 19వ శతాబ్దం నుంచే ఉంది. తేలికపాటి, ముందు భాగం బోలుగా ఉండే ఎక్స్‌ప్రెస్ తూటాలు పెద్ద జంతువుల భుజం ఎముక తగలగానే చితికిపోతున్నాయని శామ్యూల్ బేకర్ అనే వేటగాడు గట్టిగా వాదించారు. బరువైన గట్టి సీసం తూటానే కావాలన్నారు. ఆ తర్వాత కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో ముందు సీసం బయటకు కనిపించే తూటా తయారైంది. మనిషి ఒంట్లో అది చేసే గాయం ఎంత ఘోరంగా ఉండేదంటే 1899 హేగ్ ఒప్పందంలో అలాంటి తూటాలను యుద్ధంలో వాడొద్దన్నారు. వేటలో మాత్రం అలాంటి సాఫ్ట్ నోస్ తూటానే సరైనదిగా నిలిచింది. సైనికుడి విషయంలో క్రూరం అనిపించుకున్నదే పులి విషయంలో దయ అయింది, ఎందుకంటే అది త్వరగా చంపుతుంది.

ఇక ఆండర్సన్ చేతిలోని తుపాకీ సంగతి. అది అమెరికా తయారీ .405 విన్‌చెస్టర్, 1895 మోడల్. ట్రిగ్గర్ కింద ఉండే లివర్‌ను ఒక్కసారి కిందకు లాగి పైకి అంటే చాలు, భుజం మీద నుంచి దించకుండానే రెండో తూటా సిద్ధం. మీదకు దూకే పులి ముందు ఆ ఒక్క క్షణమే ప్రాణం. ఇంగ్లండ్‌లో చేతిపనితో తయారయ్యే డబుల్ బ్యారెల్ రైఫిళ్లతో పోలిస్తే ధరా తక్కువే. అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వెళ్లినప్పుడు సింహాల కోసం తీసుకెళ్లింది ఇదే. ఏనుగుల కోసం మాత్రం ఆయన వెంట పెద్ద బ్రిటిష్ డబుల్ బ్యారెల్ కూడా ఉంది!

ఎందుకలా? లెక్క చూడండి. .405 తూటా బరువు 300 గ్రెయిన్లు, అంటే సుమారు 19 గ్రాములు. వేగం సెకనుకు దాదాపు 2,200 అడుగులు. లావు పది మిల్లీమీటర్ల పైనే. కార్బెట్ దగ్గరున్న .450/400 డబుల్ రైఫిల్ తూటా కూడా దాదాపు ఇంతే లావు, కానీ బరువు 400 గ్రెయిన్లు. ఒకే లావు ఉన్న రెండు మేకుల్లో పొడవైనది లోతుగా దిగుతుంది కదా, ఇదీ అంతే. ఆండర్సన్ తూటా లావుగా, పొట్టిగా ఉంటుంది. రెండు వందల కిలోల పులికి అది సరిగ్గా సరిపోతుంది. భుజం విరిచి లోపల విచ్చుకుని ఆగుతుంది. తొమ్మిది వందల కిలోల అడవిదున్న భుజం మీద మాత్రం అదే తూటాకు లోతు చాలకపోవచ్చు. ఏనుగు తలకైతే ఇంకా కష్టం. అక్కడ విచ్చుకోని గట్టి తూటా కావాలి. కారమోజో బెల్ అనే వేటగాడు ఏడు మిల్లీమీటర్ల సన్నని గట్టి తూటాతోనే వందల ఏనుగులను పడగొట్టాడంటే లావుకంటే లోతుకే విలువ ఎక్కువని అర్థమవుతుంది.

ఆండర్సన్‌కు కలిసొచ్చింది దూరం. ఆయన వేట ఎక్కువగా రాత్రిపూటే. పులి చంపి వదిలిన పశువు దగ్గరో, ఎర కట్టిన చోటో చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చునేవారు. రైఫిల్‌కు టార్చ్ బిగించుకునేవారు. పులి గజాల దూరంలోనే ఉంటుంది. అంత దగ్గర్లో తూటా పూర్తి వేగంతో తగులుతుంది. ఇబ్బంది ఒక్కటే.. చీకట్లో కోణం తెలియదు. పక్కకు తిరిగి నిలబడితే సరే, ఎదురుగా కూర్చున్నా, వెనక్కి మళ్లినా అదే తూటా పొట్టలోకో, తొడలోకో పోతుంది.

అప్పుడేం చేయాలి? ఆ తరం వేటగాళ్లకు ఒక నియమం ఉండేది. గాయపడిన పులిని వదిలేసి ఇంటికి పోకూడదు. తెల్లారాక నెత్తుటి చారలు పట్టుకుని కాలినడకన వెళ్లి పని పూర్తి చేయాలి. రక్తం రంగు చూసి తూటా ఎక్కడ తగిలిందో చెప్పేవాళ్లు. నురగతో లేత ఎరుపు ఉంటే ఊపిరితిత్తులు, నల్లగా చిక్కగా ఉంటే పొట్ట భాగం. పొట్టలో తగిలిన పులి వెనక పొదల్లోకి వెళ్లడం అంటే చావుకు ఎదురెళ్లడమే. అలాంటి చోట్ల బైరా, రంగా లాంటి అడవి మనుషుల కళ్లే ఆయనకు దారి చూపాయి. ఆ సంగతి ఆయన పుస్తకాల్లో దాచుకోలేదు. చెంచు, పూజారి, ఇరుళ జనాల పేర్లు ఆ పేజీల నిండా ఉంటాయి.

నరభక్షకి అని ప్రభుత్వం ప్రకటించిన జంతువు మీదే ఎక్కువగా తుపాకీ ఎత్తిన ఈయన, వయసు పెరిగేకొద్దీ సరదా వేటకు మరింత దూరమయ్యారు. మామూలు పులిని ఊరికే చంపడం ఆయనకు గిట్టేది కాదు. సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో బ్రూనో అనే ఎలుగుబంటి పాఠం గుర్తుందా? మైసూరు దగ్గర చెరకు తోటల్లో తోటి వేటగాడు ఏ కారణం లేకుండా ఓ ఎలుగుబంటిని కాల్చేస్తే, దాని వీపు మీదున్న పిల్లను ఇంటికి తెచ్చి భార్యకిచ్చిన ఆ రచయిత ఈయనే. లక్షలమంది పిల్లలు చదివారు, వేటగాడి పేరు మాత్రం గుర్తుండదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. రెండేళ్లకు, 1974 ఆగస్టు 30న, క్యాన్సర్‌తో బెంగళూరులో ఆండర్సన్ కన్నుమూశారు. హోసూరు రోడ్డు శ్మశానంలో సమాధి ఉంది. తండ్రి వెంట అడవులు తిరిగిన కొడుకు డోనాల్డ్ 2014లో పోయారు. కన్నడలో పూర్ణచంద్ర తేజస్వి ఈ కథలను తిరగరాసి ఇంటింటికీ చేర్చారు. ఇక ఆండర్సన్ పులి కోసం కాచుకున్న మామండూరులో ఇప్పుడు అటవీ శాఖ ఎకో టూరిజం నడుస్తోంది. కెమెరాలతో వచ్చేవాళ్లకే అక్కడ అనుమతి.