పరాయి దేశంలో జాషువా పుట్టినరోజు

సెప్టెంబర్ 28 సాయంత్రం ఇంగ్లండ్‌లో మేం ఉండే వసతిగృహం వంటగదిలో ఏడుగురం కలిశాం. నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లం. కేకు కోశాం, గోంగూర పచ్చడి కలుపుకుని అన్నం తిన్నాం. పుట్టినరోజు మాలో ఎవరిదీ కాదు. మా పల్నాటి కవి గుర్రం జాషువాది.

ఇలా జరుపుకోవడానికి కారణం ఉంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో తోటి తెలుగు విద్యార్థి పుట్టినరోజు విందుకు వెళ్లాం. ముందు ఇంటిపేరు అడిగారు. తర్వాత ఊళ్లో మా ఇల్లు ఎటువైపని అడిగారు. మరుసటి ఏడాది మాకు పిలుపు రాలేదు. ఆ రాత్రి మాకు గుర్తొచ్చిన మనిషి జాషువా.

ఆయన 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్యది యాదవ కులం, తల్లి లింగమ్మ మాదిగ. తండ్రి పాస్టర్. కులాంతర వివాహం చేసుకున్న ఇల్లు కావడంతో ఆ పిల్లవాడికి అన్ని వైపులా చిన్నచూపే. అయినా స్నేహాలు కుదిరాయి. బ్రాహ్మణ కుటుంబానికి చెందిన దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, తర్వాత తనూ కవి అయ్యారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు కావ్యాలు చదువుకున్నారు. మనుషులుగా కొందరు దగ్గరకు తీశారు గానీ, సభ మాత్రం దగ్గరకు రానివ్వలేదు. వినుకొండలో కొప్పరపు కవుల అవధానం జరిగినప్పుడు జాషువా పద్యాలు చదివితే, అంటరానివాణ్ని లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. మరోవైపు హిందూ పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు కూడా ఆయన్ను దూరం పెట్టారు.

ఇక్కడ మేం ఇద్దరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. అంబేడ్కర్ జాషువా కంటే నాలుగేళ్లు పెద్ద. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు, 1916లో లండన్ వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జాషువా మిషనరీ బడిలో నెలకు మూడు రూపాయల ఉద్యోగం పోగొట్టుకుని రాజమండ్రి చేరారు. 1915-16లో మూకీ సినిమాలు ఆడుతుంటే పక్కన నిలబడి కథా, మాటలూ చదివి వినిపించే పని చేశారు. తెలివిలో తేడా వెతకనక్కర్లేదు. ఒకరికి స్కాలర్‌షిప్ దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. ఈ రోజు మేం ఇక్కడ చదువుతున్నామంటే అది మా గొప్పతనం మాత్రమే కాదని ఈ లెక్క గుర్తు చేస్తుంది.

తర్వాత ఆయన గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడు. బడిలో పాఠాలు చెబుతూనే 1932లో ఫిరదౌసి, 1941లో గబ్బిలం ప్రచురించారు. కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపాడు. జాషువా కావ్యంలో ఆకలితో ఉన్న అరుంధతీయుడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి మాత్రం అడ్డు లేదు. చిన్నప్పుడు నేర్చుకున్న కావ్యాన్నే తిప్పి, తనను బయట నిలబెట్టిన వ్యవస్థను నిలదీశారు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే ఏడాది శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ అందింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. కూతురు హేమలతా లవణం సంఘసంస్కర్తగా ఆ దారిలోనే నడిచారు.

జాషువా పోయి యాభై ఏళ్లు దాటింది. కులం విమానమెక్కి దేశాలు దాటింది కాబట్టే 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. పుట్టినరోజు విందుకు ఎవరిని పిలవాలో కులం చూసి నిర్ణయించుకోవడం ఏ ఫిర్యాదు కాగితంలోనూ కనబడదు. కానీ ఒంటరిగా గదిలో కూర్చున్న విద్యార్థికి దాని బరువు తెలుసు.

అన్ని కులాల వాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినడానికి మా పల్నాట పేరుంది, చాపకూడు. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని కారెంపూడిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా వంటగదిలో చాప లేదు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. వచ్చే సెప్టెంబర్ 28న మొన్న మమ్మల్ని పిలవడం మానేసిన వాళ్లను కూడా పిలవాలని అనుకున్నాం. ఇంటిపేరు అడగం. అన్నం పెట్టి, జాషువా కథ చెబుతాం.

మీరు చదివే ఊళ్లో కూడా ఆ రోజు నలుగురినీ పిలవండి. జై భీమ్.