థామస్ చిప్పెండేల్

థామస్ చిప్పెండేల్ (1718 - 1779) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ వడ్రంగి, ఫర్నిచర్ రూపకర్త. అంతకు పూర్వం ఆ దేశంలో ఫర్నిచర్ శైలులను రాజులు, రాణుల పేర్లతో పిలిచేవారు. ఒక పనివాని పేరుతో ప్రసిద్ధి చెందిన తొలి శైలి ఈయనదే.

బాల్యం, లండన్ జీవితం

చిప్పెండేల్ యార్క్‌షైర్‌లోని ఒట్లీ పట్టణంలో వడ్రంగుల కుటుంబంలో జన్మించాడు. 1748లో లండన్‌లో కాథరిన్ రెడ్‌షాను వివాహమాడాడు. 1754లో జేమ్స్ రానీ అనే వర్తకుని భాగస్వామ్యంతో సెయింట్ మార్టిన్స్ లేన్ వీధిలో కార్ఖానా నెలకొల్పాడు. 1755లో అగ్నిప్రమాదం సంభవించి 22 మంది పనివారి పనిముట్ల పెట్టెలు దగ్ధమయ్యాయి.

గ్రంథం

1754లో ఈయన ప్రచురించిన "ది జెంటిల్‌మన్ అండ్ కాబినెట్ మేకర్స్ డైరెక్టర్" కుర్చీలు, మేజాలు, సొరుగుల బీరువాల నమూనాలతో కూడిన గ్రంథం. పలు చిత్రాలకు కొలతలు, అంచుల ఆకృతులు కూడా జతచేశాడు. 1762 నాటి మూడవ ముద్రణలో 200 చిత్రఫలకాలు ఉన్నాయి. ఈ గ్రంథం అట్లాంటిక్ దాటి ఫిలడెల్ఫియా వడ్రంగులకు కూడా మార్గదర్శకమయింది.

సొరుగుల బీరువాలు

ఆనాటి మేలురకం సొరుగుల బీరువాలకు ముఖభాగం మహాగని కలపతోను, సొరుగుల లోపలి పలకలు ఓక్ కలపతోను చేసేవారు. పలకల చివరలను పావురం తోక ఆకారంలో కోసి, ఒకదానిలో ఒకటి బిగించేవారు. సొరుగును ఎన్నిసార్లు లాగినా ఈ అతుకు ఊడిరాదు. నేటికీ పాతకాలపు పద్ధతిలో బీరువాలు చేసేవారు ఇదే విధానాన్ని అనుసరిస్తున్నారు. హేర్‌వుడ్ భవనానికి 1773లో ఈయన సమకూర్చిన డయానా, మినర్వా దేవతామూర్తులు పొదిగిన కమోడ్ ప్రఖ్యాతి గాంచింది. దాని వెల 86 పౌండ్లు.

చివరి రోజులు

ప్రభువులు బాకీలు సకాలంలో చెల్లించకపోవుటచే చిప్పెండేల్ తరచు అప్పుల పాలయ్యాడు. 1766లో రానీ మరణించడంతో ఇబ్బందులు మరింత పెరిగాయి. 1771లో థామస్ హేగ్ భాగస్వామిగా చేరాడు. 1772లో కాథరిన్ మరణించగా, 1777లో ఎలిజబెత్ డేవిస్‌ను వివాహమాడాడు. 1779 నవంబరులో క్షయవ్యాధితో మరణించాడు. కార్ఖానాను నడిపిన ఈయన కుమారుడు 1804లో దివాలా తీశాడు.

గుర్తింపు

ఈయన తన వస్తువులపై పేరు చెక్కలేదు. గ్రంథంలోని నమూనాలను ఎందరో అనుకరించినందున, చిప్పెండేల్ ఫర్నిచర్‌గా పేరొందిన వస్తువులలో అధికభాగం ఈయన కార్ఖానాలో తయారైనవి కావు. హేర్‌వుడ్, నోస్టెల్, డంఫ్రీస్ భవనాలలో భద్రంగా మిగిలిన పద్దులు, రసీదులే నేడు ఈయన పనితనానికి ముఖ్య ఆధారాలు. ఏళ్ళ తరబడి వసూలు కాని బాకీల కాగితాలే చివరకు ఈయన కీర్తికి సాక్ష్యాలయ్యాయి.